ఆడే చెయ్యి

మార్చి 3

చిరంజీవి తమ్ముడికి,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనొక్కదాన్నే కాబట్టి, నేను బాగున్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నీకు ఫోన్ చేస్తే నేను నోరు తెరిచేలోపు రెండు సలహాలు చెప్పి, మీ మేడ మీద గది ఖాళీగా ఉందని గుర్తు చేసి, దుకాణానికి ఎవరో వచ్చారని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక ఎక్కడికి పోతావు?

సంగతి ఏమిటంటే నాకొక బౌలింగ్ బాల్ కావాలి.

నవ్వడం అయ్యాక మిగతాది చదువు. మా కుట్టు పనిశాల వాళ్ళంతా గురువారం పని దిగగానే వీధి చివరి బౌలింగ్ హాలుకి, బాల్ దొర్లించి సీసాల్లాంటి పది పిన్నులు పడగొట్టడానికి, వెళ్తారు. కొన్నాళ్ళుగా నేనూ వెళ్తున్నాను. తమ్ముడు ఇన్నేళ్ళుగా ఆ బాల్స్ అమ్మి, వాటికి వేళ్ళ కన్నాలు తొలిచి సంసారం ఈదుతుంటే, అక్క వాటిని ముట్టుకున్నది ఇప్పుడేనన్నమాట. హాల్లో అరల మీద పెట్టి ఉంచే బాల్‌తోనే ఆడుతున్నాను. దాని కన్నాల్లో నా వేళ్ళు వదులు. జారిపోతుందేమోనని బిగించి పట్టుకునేసరికి మర్నాడు చెయ్యంతా నొప్పి. పైగా అది వేసిన చోటు నుంచి తిన్నగా పోయి, ఓ పక్క పిన్నులు నాలుగు పడేసి, తన పని అయిపోయినట్టు వెళ్ళిపోతుంది.

మా పనిశాల ఇస్త్రీ బాబాయికి సొంత బాల్ ఉంది. నల్లగా నిగనిగలాడుతుంది. బాల్ దొర్లే దారి పక్కనున్న కాలువ అంచుదాకా వెళ్ళి, ఇంట్లో ఏదో మర్చిపోయినదానిలా మళ్ళీ లోపలికి తిరిగి, పిన్నుల మధ్యకి దూరుతుంది. అదేమిటని అడిగితే రియాక్టివ్ బాల్ అన్నాడు. నాకూ అలాంటిదే కావాలి. నల్లదే.

జులైలో చుట్టుపక్కల పనిశాలల వాళ్ళంతా కలిసి పోటీ పెట్టుకుంటారు. మా జట్టులో ముగ్గురు ఖాయం. నాలుగో చోటు నాకా, బొత్తాల బల్ల చూసుకునే మా బొత్తాలమ్మకా అన్నది తేలాలి. ఆ చోటు నాకు కావాలి. ఎందుకంత పట్టుదల అని అడగకు. ఈ మధ్య నాకు ఏదీ ఇంతగా కావాలనిపించలేదు.

బస్సులో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు అటూ ఇటూ పోతే సర్దుకో.

మీ ఆవిడకి నా ముద్దులు, నీకు మొట్టికాయ.

అక్క


మార్చి 12

అక్కకి నమస్కారాలు.

ఉత్తరం చివరిదాకా చదివాను. చదవడం అంటే మామూలు చదవడం కాదు, నేనూ మీ మరదలూ దీపం కింద పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కున్నాం. నీ దస్తూరీ చూసి నాన్న మురిసిపోయేవాడు, అది కాస్తా కోడి కెలికినట్టు అయిపోయింది. ఆ బస్సు ఏ గుట్టలు ఎక్కి దిగిందో తెలియదు గానీ, నువ్వు ఓసారి కళ్ళు చూపించుకో. నలభై దాటాక ఎవరికైనా వచ్చేదే. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఇక బాల్ సంగతి. నల్లది నీకొద్దు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కొత్తగా ఆట పట్టిన ప్రతివాళ్ళూ నా దుకాణంలో అడుగుపెట్టగానే అన్నిటికంటే గట్టిగా తిరిగే బాల్ మీదే చెయ్యి వేస్తారు. ఆ తిరుగుడు ఎక్కణ్ణుంచి వస్తుందో ముందు విను. బాల్ దొర్లే లేన్ మీద నూనె రాసి ఉంటుంది, నీ కంటికి కనబడదు. ముందు భాగం అంతా నూనె, పిన్నుల దగ్గర పొడి. హాల్లో బాల్ గట్టి ప్లాస్టిక్, దానికి నూనె అయినా పొడి అయినా ఒకటే. రియాక్టివ్ బాల్ పైపొర వేరు. నూనె మీద జారుతుంది, పొడి నేల తగలగానే పట్టు దొరికించుకుని మలుపు తిరుగుతుంది. మీ ఇస్త్రీ బాబాయి బలంగా విసురుతాడు కాబట్టి ఆయన బాల్ పిన్నుల దాకా ఆగి అప్పుడు తిరుగుతోంది. అదే బాల్ నెమ్మదిగా వేసేవాళ్ళ చేతిలో పడితే సగం దారిలోనే తిరిగిపోయి అవతలి కాలువలో పడుతుంది.

మొదటి బాల్ ఎప్పుడూ నెమ్మదైనది ఉండాలి. ఎప్పుడు వేసినా ఒకేలా తిరగాలి. అప్పుడు గానీ తప్పు నీదో బాల్‌దో తెలియదు.

నువ్వు నెమ్మదిగా వేస్తావా, గట్టిగా వేస్తావా రాయి. ఎన్ని పౌన్ల బాల్ వాడుతున్నావో రాయి. చేతికి సరిగ్గా తొలిస్తే ఒక పౌను ఎక్కువైనా తేలిగ్గానే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం కొలత. నువ్వు ఆడే చెయ్యిని కాగితం మీద పరిచి, చుట్టూ గీసి పంపు. బొటనవేలు, మధ్యవేలు, ఉంగరం వేలు, మూడింటి చుట్టుకొలతా దారాలతో ముడివేసి పెట్టు. మనిషిని ఎదురుగా నిలబెట్టి కొలవకుండా నేను ఎవరికీ తొలవను. నీకైతే ఒప్పుకుంటున్నాను. మా పెద్దది కొలిస్తే టేపు కూడా తలవంచుతుందని నాన్న అనేవాడు కదా.

మేడ మీద గది ఇంకా ఖాళీగానే ఉంది.

తమ్ముడు


మార్చి 20

చిరంజీవి తమ్ముడికి,

నా కళ్ళకి ఏమీ రాలేదు. సూదిలో దారం ఇప్పటికీ ఒక్క ఊపున ఎక్కిస్తాను. కోడి కెలికిందన్నావు గనక ఈ ఉత్తరం ఇంట్లో బల్ల మీద, కుదురుగా కూర్చుని రాస్తున్నాను. అయినా ఇలాగే ఉందంటే పెన్ను మంచిది కాదనుకో.

నీ పాఠం బాగుంది. గురువారం హాల్లో లేన్ మీద వేలితో రాసి చూశాను, నిజంగానే నూనె. అక్కడి మనిషి చూసి కోప్పడ్డాడు. నువ్వు చెప్పావని చెప్పలేదు.

నేను నెమ్మదిగానే వేస్తాను. పదకొండు పౌన్ల బాల్. తిన్నగా పోతుంది, కానీ ఇప్పుడిప్పుడే నేను చూసిన చోటికి పోతోంది. మొదట్లో నేనొకటి చూస్తే అదొకటి చూసేది. నల్లది వద్దంటే వద్దు గానీ, మరీ మెత్తనిది అంటగట్టకు. ఎందుకో నాకు కాస్త గట్టిగా తిరిగేదే కావాలనిపిస్తోంది. మా బాబాయి కూడా నావైపు లేన్ వేరుగా ఉంటుందన్నాడు. ఆయన మాట నాకు సగమే అర్థమవుతుంది, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు ఉంటుంది.

ఆడే చెయ్యి గీసి పెట్టాను. దారాలు మూడూ కాగితానికే అంటించాను. కొలత నాది, తేడా రాదు.

ఇప్పుడు కత్తెర పని తగ్గించుకుని బొత్తాల బల్ల దగ్గర కూర్చుంటున్నాను. అందుకని ఉత్తరాలు రాసే తీరిక దొరుకుతోంది. బొత్తాలమ్మ ఆటలో నాకు పోటీ గానీ మనిషి మంచిది. పక్కపక్కనే కూర్చుని, గురువారం ఒకరినొకరం ఎలా ఓడించాలా అని ఆలోచిస్తుంటాం.

అక్క


ఏప్రిల్ 5

అక్కకి,

ఈ ఉత్తరంతో పాటు పెట్టె అందుతుంది. మోయడానికి ఎవరినైనా సాయం పిలువు, పన్నెండు పౌన్లు.

ముందు నీ పొరపాటు చెబుతాను, కోప్పడకు. నువ్వు ఎడమ చెయ్యి గీసి పంపావు. కాగితం విప్పగానే నాకు నవ్వాగలేదు. తప్పు నీది కాదులే, దుకాణానికి వచ్చేవాళ్ళు కూడా చేసేదే. కుడి చేత్తో పెన్ను పట్టుకున్నాక గీయడానికి మిగిలేది ఎడమ చెయ్యే కదా. మళ్ళీ రాసి తెప్పించుకుంటే ఇంకో పది రోజులు పోతాయి. నేను మాత్రం ఎవరి కొడుకుని? నాన్న చొక్కా చేతులకి ఎప్పుడూ ఒక్క కాగితం అచ్చే కోసేవాడు. కుడిది కోశాక దాన్నే తిరగేసి ఎడమది కోసేవాడు. నేనూ నీ కాగితం తిరగేసి వెలుగుకి పట్టుకున్నాను, చక్కగా కుడి చెయ్యి అయి కూర్చుంది. పని చేసే చెయ్యి రెండోదానికంటే పిసరంత లావుంటుంది కాబట్టి బొటనవేలి కన్నం పిసరు వదులు పెట్టాను. వేసుకుని చూడు, తొడిగినట్టు ఉంటుంది.

బాల్ నెమ్మదైనదే. లోపలి గుండు అన్నివైపులా సమంగా ఉన్న రకం, అంటే పిచ్చి వేషాలు వెయ్యదు. పైపొర మెరుపుది, నూనె మీద జారి చివర్లో మెల్లగా తిరుగుతుంది. ప్రతిసారీ వేశాక తువ్వాలుతో నూనె తుడువు. తుడవకపోతే తాగిన నూనెతో మొద్దుబారుతుంది.

రంగు కావాలనే కమలాపండు రంగు తీసుకున్నాను. దూరం నుంచి కూడా కనబడుతుంది. అక్కా, నాకు విషయం అర్థమైంది. దస్తూరీ అలా అయింది, కత్తెర వదిలి బొత్తాల దగ్గర కూర్చున్నావు. కళ్ళు మసకలు కమ్మితే చెప్పడానికి నా దగ్గర కూడా సిగ్గేనా? చూపు ఆనకపోతే కత్తెర పట్టకూడదు. ఇక్కడ మంచి కంటి డాక్టరు ఉంది. మేడ మీద గది గోడలు పెచ్చులూడితే బాగు చేయించి వెల్ల వేయించాను.

తమ్ముడు


ఏప్రిల్ 16

తమ్ముడికి,

బాల్ అందింది. రంగు బాగుంది. హాల్లో ఏ మూలనున్నా అదే కనబడుతుందని అందరూ అన్నారు.

నా కళ్ళు నిక్షేపంలా ఉన్నాయని ఇదివరకే రాశాను. వెల్ల ఎందుకు వేయించావు?

అక్క


ఏప్రిల్ 25

అక్కకి,

ఇంత పొట్టి ఉత్తరం నువ్వు నాకు జన్మలో రాయలేదు. టెలిగ్రాము ఇంతకంటే నయం.

బాల్ ఎలా తిరిగిందో ఒక్క ముక్క లేదు. బొటనవేలు పట్టిందా, తేలిగ్గా జారి బయటికి వచ్చిందా? కన్నం వదులైతే లోపల టేపు ముక్క అంటించుకో. బిగుతైతే తిరిగి పంపు, గరుకు కాగితంతో రుద్ది పంపుతాను. లేక నువ్వింకా హాల్లో బాల్‌తోనే ఆడుతున్నావా? మీ మరదలు అలాగే జరుగుతోందంటోంది. నువ్వు నల్లది అడిగితే నేను కమలాపండు పంపాననీ, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషివి కాబట్టి దాన్ని మంచం కిందకి తోసేసి ఉంటావనీ అంటోంది. అదే నిజమైతే నాకు కష్టంగా ఉంటుంది. ఆ బాల్ నేను రెండుసార్లు కొలిచి తొలిచాను.

ఆట గురించి ఒక్కటే చెబుతాను. బాల్‌ని పట్టుకోకు. నీ చేతికి సరిపోయిన బాల్‌ని బిగించాల్సిన పని లేదు, చెయ్యి కిందికి ఊపితే అదే వేళ్ళకి వేలాడుతుంది, వదలాల్సిన చోట అదే వదులుతుంది. బిగించినవాళ్ళ బాల్ ఎప్పుడూ పక్కకి పోతుంది.

మే నెల రెండో ఆదివారం బండి వేసుకుని వస్తున్నాను. కంటి డాక్టరుతో మాట్లాడి పెట్టాను. నెలకి సరిపడా బట్టలు సర్దుకో. కుట్టు మిషను బండిలో పడుతుందో లేదో కొలిచి రాయి.

తమ్ముడు


మే 1

ఒరేయ్ తమ్ముడూ,

రాకు. ముందు ఇది మొత్తం చదువు, అప్పుడు రావాలో వద్దో చూద్దాం.

నువ్వు తిరగేసింది తప్పు చెయ్యి కాదు. నేను ఆడేది ఎడమ చేత్తోనే. కాగితం మీద ఉన్నది ఆడే చెయ్యే. గీసింది నేను కాదు, బొత్తాలమ్మ. నేను గీయలేను కనక ఆవిడ గీసింది.

నవంబరులో బట్టలు తాను మీద తాను పేర్చి కోసే కత్తి మిషను దగ్గర నా కుడి బొటనవేలు నరం తెగింది. మిషను తప్పు కాదు, ఎవరి తప్పూ కాదు, గుడ్డ తాను జారితే పట్టుకోబోయాను. ఆసుపత్రిలో కుట్టారు. కుట్టు చక్కగా పడింది, నేనే చూసి మెచ్చుకున్నాను. కానీ వేలు వంగడం లేదు. ఇంకెప్పటికీ పూర్తిగా వంగకపోవచ్చని చెప్పారు. కత్తెర పట్టాలంటే ఉండాల్సింది ఆ వేలే.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు మర్నాడే బండి వేసుకుని వస్తావు. నాకు నీ మేడ మీద గది అంటే భయం. మీరు నన్ను చక్కగా చూసుకుంటారు, అందుకే భయం. ఒకసారి వచ్చి ఆ మంచం మీద కూర్చుంటే, ఇక నేను కటింగ్ చేసే మనిషిని కాదు, చెయ్యి పోయి తమ్ముడి ఇంట్లో ఉన్న మనిషిని. ఆ మాట ఎవరూ అనక్కర్లేదు, నేనే అనుకుంటాను.

కట్టు విప్పాక ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏడుస్తున్నానని మా వాళ్ళు గురువారం హాలుకి తీసుకెళ్ళారు, సంచులు కాయడానికి. ఒకరోజు బొత్తాలమ్మ నా ఎడమ చేతిలో బాల్ పెట్టింది. వేశాను. పక్కవాళ్ళ లేన్‌లోకి పోయింది. నా ఎడమ చేతికి తిన్నని గీత అంటే ఏమిటో తెలియదని నాకు అప్పుడు తెలిసింది. వారం వారం వేశాను. కొన్నాళ్ళకి కాలువలో పడటం మానింది. ఒక శుక్రవారం పొద్దున పనికిరాని గుడ్డ మీద ఎడమ చేత్తో సుద్దగీత గీశాను, అంతకు ముందు వారం కంటే వంకర తక్కువ ఉంది. అప్పటినుంచీ నాకు ఆ హాలంటే పిచ్చి పట్టింది. ఈ ఉత్తరాలు కూడా ఎడమ చేత్తోనే రాస్తున్నాను. నీ కోడి ఈ చెయ్యే.

మా యజమానురాలు మంచిదే, కానీ పని పనే. జూన్ చివర్లో ఆసుపత్రి దుస్తుల పెద్ద ఆర్డరు గుడ్డ వస్తుంది. అప్పటికి నేను కత్తెర పట్టగలిగితే కటింగ్ బల్ల నాది. లేకపోతే కొత్త మనిషిని తీసుకుంటుంది, నేను బొత్తాల దగ్గరే ఉండిపోతాను. కొత్త మనిషి కావాలని ఇప్పటికే గుమ్మం పక్కన కాగితం అంటించింది. రోజూ దాన్ని దాటుకునే లోపలికి వెళ్తున్నాను. ఆ నాలుగో చోటు ఎందుకు కావాలో ఇప్పుడు అర్థమైందా? ఎడమ చేత్తో నేను ఒకటి గెలిచానని ముందు నా చేతికి తెలియాలి.

నీ బాల్ అందుకుని ఎడమ వేళ్ళు పెట్టి చూశాను. కుడి చంకకి ఎడమ చెయ్యి అతికించిన చొక్కాలా ఉంది. నీ మనసు కష్టపెట్టలేక రంగు బాగుందని రాసి ఊరుకున్నాను.

దాన్ని తిరిగి పంపుతున్నాను. ఇంకోవైపు ఎడమ చేతికి కన్నాలు తొలిచి పంపు. కుడిచేతివి మాత్రం అలాగే ఉంచు, పూడ్చకు. ఏమో, రేపెప్పుడైనా వేలు వంగితే దానికీ ఒక బాల్ ఉంటుంది.

అక్క


మే 9

అక్కా,

నాకు కోపంగా ఉంది. నవంబరు నుంచి ఇప్పటిదాకా! నీకు వేలు తెగితే నాకు బాల్ కొనేటప్పుడు తెలియాలా? కోపం అయిపోయాక ఏడ్చాను. మీ మరదలు నాకంటే ముందే ఏడ్చింది. నీ కాగితం మళ్ళీ తీసి, తిరగెయ్యకుండా చూశాను. చూపుడువేలి పక్కన సూది గుచ్చుకుని మానిన బొడిపె ఉంది, అది నీ ఎడమ చేతికే ఉంటుంది, నేను తిరగేసి కుడి చేతికి అంటగట్టాను. చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, అచ్చు తిరగేసే తొందరలో మనిషి చెయ్యి మర్చిపోయాను.

ఆదివారం రావడం లేదు. బండి వరండాలోనే ఉంది. రాకుండా కూర్చోవడం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు, అందుకే రాస్తున్నాను. గది మాట ఈ ఉత్తరంలో ఎత్తను. ఇప్పుడు ఎత్తినట్టే అయిందనుకో.

నీ బాబాయి వక్కపలుకు మధ్యలో చెప్పింది నిజం. ఎడమ చేత్తో ఆడేవాళ్ళు తక్కువ కాబట్టి లేన్ ఎడమ పక్క నూనె చెరగదు. బాల్ ఎక్కువ జారుతుంది, తక్కువ తిరుగుతుంది. అందుకే నీకు కాస్త గట్టిగా తిరిగేది కావాలనిపించింది. నేను ఎడ్డెమంటే నువ్వు తెడ్డెమంటున్నావనుకున్నాను, నువ్వే ఒప్పు. అయినా బాల్ మార్చక్కర్లేదు. పైన మెరుపు గరుకు మెత్తతో తీసేస్తే నేలని ముందుగా పట్టుకుంటుంది.

ఇక కన్నాల సంగతి. ఇది ఎలా రాయాలో తెలియక మూడు రోజులు ఆగాను. ఆట నియమం ఒకటుంది. ఆడేటప్పుడు వేలు పెట్టని కన్నం బాల్‌కి ఉండకూడదు. ఉంటే పోటీలో ఆ బాల్ ఒప్పుకోరు. కుడివి ఉంచితే ఈ బాల్‌తో గురువారాలు ఆడుకోవచ్చు గానీ జులైలో ఆడలేవు. వీటిని ఇలాగే దాచి, ఎడమ చేతికి ఇంకో బాల్ తొలుస్తానంటే అదీ చేస్తాను. నువ్వు ఏదంటే అది. ఈసారి నేను ఊహించను. నువ్వు చెప్పేదాకా మిషను మీద పెట్టను.

నిన్న దుకాణం మూసే ముందు ఎడమ చేత్తో ఒక బాల్ వేసి చూశాను. మా పనివాడు ఇంకా నవ్వుతున్నాడు.

తమ్ముడు


మే 17

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చేసరికి బాల్ పెట్టె ఇంకా ఇక్కడే ఉంది. తీసుకెళ్ళేవాడు రాలేదు. మంచిదే అయింది.

పెట్టె విప్పి బాల్‌ని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. కుడి చేతి వేళ్ళు దాని కన్నాల్లో పెట్టి చూశాను. ఇన్నాళ్ళూ ఆ పని చెయ్యలేదు. ఎంత బాగా కుదిరిందంటే, నువ్వు వదిలిన పిసరుతో సహా సరిపోయింది. నా చేతిని చూడకుండా, తిరగేసిన కాగితంతో అంత పని చేశావు. నాన్న ఉంటే నిన్ను మెచ్చుకోవడానికి మాటలు వెతుక్కునేవాడు. కానీ బొటనవేలు వంగదు కాబట్టి బాల్ లేవలేదు. రెండో చేత్తో పట్టి వేళ్ళు బయటికి తీసుకోవాల్సి వచ్చింది.

నేను బట్ట కోసే మనిషిని. కోసిన గుడ్డ మళ్ళీ తాను కాదని నేనే పదిమందికి చెప్పాను. నా దగ్గరికి వచ్చేసరికి కన్నాలు తెరిచి ఉంచమంటున్నాను.

పూడ్చెయ్.

అక్క


మే 29

అక్కకి,

పెట్టె పంపాను. కుడివి పూడ్చాను, ఎడమవి తొలిచాను. పూడ్చే మందు కలిపేటప్పుడు రంగు అడుగుదామనుకున్నాను. బట్ట మీద అతుకు కనబడకూడదని నాన్న అనేవాడు కాబట్టి కమలాపండు రంగే కలిపాను. అయినా కాస్త తెలుస్తోంది. రాయిలా గట్టిపడింది, ఎంత ఆడినా ఊడదు.

ఈసారి కాగితం తిరగెయ్యలేదు. దాని మీద పెద్ద అక్షరాలతో ఎడమ అని రాసి, మీ మరదలికి కూడా చూపించి, అప్పుడు తొలిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టేనని ఆవిడ అంది.

పట్టుకోకు. వేలాడనివ్వు.

తమ్ముడు

వదినా, నాకు కూడా ఒక ముక్క రాయనివ్వండి. మీ తమ్ముడు మేడ మీద గదిలో ఖాళీ బాల్ పెట్టెలు సర్దుతున్నారు. ఇక ఆ గది ఖాళీగా లేదు. మీరు ధైర్యంగా ఉండండి.


జులై 21

చిరంజీవి తమ్ముడికి,

ఆలస్యంగా రాస్తున్నాను, పనిలో మునిగిపోయాను. ఏ పనో తర్వాత చెబుతాను, ముందు ఆట.

నాలుగో చోటు నాకే వచ్చింది. బొత్తాలమ్మ దయతలిచి ఇవ్వలేదు, రెండు గురువారాలు గట్టిగా పోరాడి ఓడింది. ఓడిపోయి, పోటీ రోజున నా తువ్వాలు తనే పట్టుకుని, వేసిన ప్రతిసారీ బాల్ తుడిచి ఇచ్చింది. జట్టు గెలవలేదు. మూడో స్థానం. ఆఖరిసారి వేసినప్పుడు బాల్ నువ్వు చెప్పినట్టే నూనె మీద జారి, చివర్లో మెల్లగా లోపలికి తిరిగింది. పిన్నులన్నీ పడ్డాయి, ఎడమ మూలన ఒక్కటి తప్ప. అది ఊగి ఊగి నిలబడింది. ఇస్త్రీ బాబాయి వక్కపలుకు ఉమ్మేసి, స్పష్టంగా, "బాల్ బాగుందమ్మా," అన్నాడు. నీకు చెప్పమన్నాడు.

ఇక రెండోది. గుడ్డ అనుకున్నదానికంటే ముందే వచ్చింది. ఎడమచేతి కత్తెర తెప్పించుకున్నాను. మొదటిరోజు గట్టిగా బిగించి పట్టుకున్నాను, గీత పక్కకి పోయింది. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. కత్తెరని వేళ్ళకి వేలాడనిచ్చి, దాని బరువు మీదే నడవనిచ్చాను. అది గీత మీద పోయింది. యజమానురాలు వెనక నిలబడి చూస్తోందని నాకు తెలియలేదు. ఆవిడ తిన్నగా గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆ కాగితం చింపేసింది. నేను ఆ రోజు బల్ల దగ్గరే నిలబడి ఏడ్చాను, ఆపుకోలేదు.

ముందంత వేగం లేదు. పేర్చిన తానులు కోసే మిషను జోలికి ఇంకా పోలేదు, అదీ చూద్దాం.

బాల్ మీద నీ అతుకులు దగ్గరనుంచి చూస్తే తెలుస్తాయి. వేసే ముందు వాటి మీద ఒకసారి వేలు పెట్టి, ఆ తర్వాత ఎడమ వేళ్ళు కన్నాల్లో పెడతాను. అలవాటైపోయింది.

మీరిద్దరూ రండి. నన్ను తీసుకెళ్ళడానికి కాదు, ఊరికే రండి. మా ముందు గది ఖాళీగా ఉంది. వెల్ల మాత్రం వేయించలేదు. గురువారం వస్తే నీ ఎడమ చేతి ఆట మేమూ చూస్తాం.

దీంతో పాటు ఒక చెయ్యి గీసి పంపుతున్నాను. కన్నాలు తొలవడానికి కాదు, ఊరికే చూస్తావని. ఇది కుడి చెయ్యి. బొటనవేలు ఒక్కటీ కర్రలా నిలబడి ఉంటుంది, ఇప్పుడది ఇలాగే ఉంటుంది. గీసింది నేనే, ఎడమ చేత్తో. గీత ఎక్కడా వణకలేదు, చూడు.

కాగితం తిరగెయ్యకు.

అక్క